సముద్రపు గాలి ఖాతా

మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా ఎవరో ఒకరు "సముద్రపు గాలి" అంటారు. మిక్సీ ఆగిపోయినా అదే మాట, తలుపు గడియ బిగుసుకుపోయినా అదే మాట. ఉండేదేమో నల్లగొండలో, రామగిరి దగ్గర. అక్కడికి సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఇంటికి కొత్తగా వచ్చిన మా వదినకు ఈ మాట అంతుపట్టడానికి కొన్నాళ్లు పట్టింది. ఆమెకు విడమర్చి చెప్పిందే ఇప్పుడు రాస్తున్నాను. చీరాల దగ్గర సముద్రం ఒడ్డున ఒక హోటల్ మమ్మల్ని ఏళ్ల తరబడి ఎట్లా బాదిందో, బాదుతుందని తెలిసి కూడా మేం అక్కడికే ఎందుకు పోయామో, ఆ సంగతి. హోటల్ పేరు రాయను. ఓనర్లు మారారు, ఇప్పుడున్న వాళ్లకు ఆ పాత లెక్కలతో సంబంధం లేదు.

నల్లగొండ మనిషికి నీళ్లు చూడాలనిపిస్తే పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీదికి పోతాడు. ఇంకా పెద్ద నీళ్లు కావాలంటే నాగార్జున సాగర్ ఉంది. గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, బండ్లన్నీ హాలియా రోడ్డు మీదే ఉంటాయి. అంతకంటే ఎక్కువ నీళ్లు చూసి మనిషి చేసేదేం లేదని మా నాయిన అభిప్రాయం. సముద్రం కావాలన్నది అమ్మ. అది కూడా చూడటానికి కాదు, భుజం నొప్పికి.

అమ్మది పుట్టపాక. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా మా నల్లగొండ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలోకి పోయింది. మగ్గం ఇల్లు. పెళ్లయ్యేదాకా అమ్మ ఆసు పోసింది. ఆ పని చూడని వాళ్లకు ఆ కష్టం తెలియదు. నూలుకు ముడులు కట్టి రంగు అద్దే ముందు, ఆ దారాన్ని ఒక మేకు నుంచి ఎదురుగా సగం చక్రంలా వరుసగా ఉన్న మేకుల మీదికి, మళ్లీ వెనక్కి తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి 9 వేల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. తల్లి అవస్థ చూడలేక ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారు చేసింది 1999లో. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు టీవీ ముందు కూర్చుని అమ్మ, "జర ముందు పుట్టకపోతివి బిడ్డా" అంది. అప్పటికి ఆమె కుడి భుజం ఎప్పుడో పోయింది. జడ వేసుకోవాలన్నా నన్నో చెల్లెనో పిలిచేది.

పుట్టపాకకూ చీరాలకూ మధ్య ఒక పాత దారం ఉంది, తేలియా రుమాలు. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి నేసే గుడ్డ. చీరాలలో పేరుమోసిన ఆ పని అక్కడ అడుగంటి, పుట్టపాకలో నిలబడింది. 2020లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ నూలు వ్యవహారాల్లోనే అమ్మకు మామ వరుసయ్యే ఒకాయన చీరాలలో స్థిరపడ్డాడు. ఒకసారి పెళ్లికి వచ్చి, అమ్మ చెయ్యి ఎత్తలేకపోవడం చూసి, "ఏం లేదమ్మా, సముద్రంలో భుజం దాకా దిగి కూర్చో, నాలుగు పొద్దులకి తగ్గుద్ది" అన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకుంది.

తగ్గిందా అంటే, పోయివచ్చిన తర్వాత నెల, నెలన్నర బాగానే ఉండేది. జడ తనే వేసుకునేది. డాక్టర్లు దానికి ఏ కారణం చెప్తారో గానీ, మాకు ఆ నెలన్నర కళ్లకు కనిపించేది.

ఆ మామ ఇంట్లోనే దిగొచ్చు కదా అంటే, ముందు గదంతా గుంట మగ్గమే. మిగిలిన గదిలో వాళ్లే సరిపోరు. పైగా అక్కడి నుంచి వాడరేవు ఒడ్డుకు ఆరేడు కిలోమీటర్లు. అమ్మకు తెల్లవారకముందే నీళ్లలో ఉండాలి. ఆ వేళకు ఆటో ఎక్కడ దొరుకుతుంది? ఒడ్డు మీదే గదులున్న చోటు ఆ రోజుల్లో మాకు తెలిసినంతలో ఆ హోటల్ ఒక్కటే. ఆ సంగతి హోటల్ వాళ్లకూ తెలుసు. రోజుకు 400. తొంభైల మొదట్లో మాట ఇది. మా నల్లగొండ గడియారం సెంటర్‌లో 100 పెడితే మంచి లాడ్జి గది, మంచి దుప్పట్లు.

నాయిన ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఫ్యామిలీ పాస్ ఉండేది కాబట్టి బస్సు ఖర్చు లేదు. మిర్యాలగూడ దాటి, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర వంతెన ఎక్కగానే అమ్మ కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరేది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల తెల్ల దుమ్ము, గుంటూరులో బస్సు మారడం, పొన్నూరు, బాపట్ల, చీరాల. చేరేసరికి సాయంత్రం.

గది తలుపు తీయగానే వాననీళ్లలో నానిన గోనెసంచి వాసన కొట్టింది. స్పాంజి పరుపు నడుమ గుంట. దుప్పటి మీద చెయ్యి పెడితే తేమ తగిలేది. అద్దం అంచుల నుంచి నల్లబడుతూ వచ్చి, నడుమ మొహం పట్టేంత జాగా మిగిల్చింది. కిటికీ గడియ ఊడిపోతే బైండింగ్ వైరుతో కట్టేశారు. బాత్రూంలో గీజర్ ఉంది, దాని మీద స్కెచ్ పెన్నుతో "వాడరాదు" అని రాసి ఉంది. వేడి నీళ్లు కావాలంటే బకెట్టుకు 10 రూపాయలు.

మాది మామూలు గది కూడా కాదు, సీ వ్యూ. దానికి ఇంకో 100. బాల్కనీ ఉంది గానీ తాళం వేశారు, రెయిలింగ్ ఊగుతోందట. కిటికీలోంచి చూస్తే సరుగుడు తోపు, తోపు ముందు సిమెంటు నీళ్ల ట్యాంకు. అన్న మంచం మీద స్టూలు వేసుకుని వెంటిలేటర్‌లోంచి చూసి, "కనపడ్తంది, కనపడ్తంది, ఇంత గీత" అని రెండు వేళ్లు దగ్గరపెట్టి చూపించాడు. చెల్లె తనకూ చూపించమని ఏడిస్తే నాయిన ఎత్తుకున్నాడు. "చూడు బిడ్డా, మంచిగ చూడు, పైసలు కట్టినం."

కింద కౌంటర్లో మేనేజర్. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎప్పుడూ నవ్వు మొహం. ఆయనతో నాయినకు మొదటి రోజే పడింది.

"ఏంది సార్, దుప్పట్లన్నీ తేమ తేమగ ఉన్నయ్?"

"సముద్రపు గాలండి."

"కిటికీ గడియ లేదు."

"సముద్రపు గాలండి. ఇనుం ఆగదిక్కడ."

"మగ్గు పగిలింది. అది ప్లాస్టిక్ గద?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఉప్పండీ" అన్నాడు.

ఆ హోటల్ వ్యాపారం కిటుకంతా నాకు ఈ ఒక్క ముక్కలోనే కనిపిస్తుంది. అక్కడ దిగేది ఎవరు? గుంటూరు, నరసరావుపేట, హైదరాబాదు, మా నల్లగొండ. సముద్రం పక్కన ఏది మామూలో ఏది కాదో తెలియని వాళ్లం. మొఖం మీద కొట్టినట్టు "సముద్రం దగ్గర ఇంతే" అంటే, కాబోలు అనుకుంటాం. నాయిన మాత్రం అనుకోలేదు. బస్సుల కింద పడుకుని బతికిన మనిషి, తుప్పు గురించి ఆయనకు ఒకరు చెప్పేదేం లేదు.

న్యాయంగా మాట్లాడాలంటే సముద్రం వాటా కూడా ఉంది, నాయిన అది ఒప్పుకునేవాడు. అలలు విరిగినప్పుడు సన్నని తుంపర లేస్తుంది, అందులోని ఉప్పు గాలిలో కొట్టుకొచ్చి ఇనుము మీద పడుతుంది. ఉప్పుకు తేమను లాగే గుణం. అందుకే అది పడ్డ చోటు ఆరదు, ఆరని ఇనుము తుప్పు పడుతుంది. ఒడ్డుకు ఎంత దగ్గరుంటే అంత ఎక్కువ. చీరాల ఊళ్లో మా మామ ఇంటి ఇనుప మంచం పెళ్లినాటిది, చెక్కుచెదరలేదు. కాబట్టి గ్రిల్లు, కుళాయి, ఏసీల బయటి పెట్టెలు తొందరగా పోతాయంటే సరే. "గాలికి తుప్పు పట్టేది నిజమే. గ్రీజు డబ్బా గాలికి కొట్టుకపోలే గద?" అన్నది ఆయన ప్రశ్న. దుప్పట్లు ఉతకకపోవడం, మగ్గు మార్చకపోవడం, సున్నం వేయకపోవడం ఏ గాలి ఖాతాలో రాస్తావు?

ఇక ఫ్యాన్ సంగతి చెప్పాలి. ఇది మా ఇంట్లో పండుగ పండుగకూ చెప్పుకునేది.

ఆ రాత్రి కరెంటు ఉంది, ఫ్యాన్ తిరగదు. చీపురు కట్టతో రెక్కను తోస్తే రెండు చుట్లు తిరిగి మూలుగుతూ ఆగేది. నాయిన ఎక్కడికి పోయినా సంచిలో టెస్టర్, కటింగ్ ప్లేయర్, ఇన్సులేషన్ టేపు ఉంటాయి. స్టూలెక్కి, కప్పు విప్పి చూసి, "కండెన్సర్ పోయింది" అన్నాడు. పొద్దున్నే చీరాల పోయి 2.5 కండెన్సర్ ఒకటి కొనుక్కొచ్చి బిగించాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఊపు మీద అమ్మ కొబ్బరినూనె సీసా తీసి తలుపు బందులకు రెండేసి చుక్కలు వేశాడు. కిర్రుమనడం ఆగిపోయింది. ఈ చప్పుడో, చప్పుడు లేకపోవడమో, మేనేజర్ చెవిన పడింది. పైకొచ్చి చూసి, "అబ్బ, మీ చేతిలో ఏదో ఉంది సార్. పక్క గదిలో కూడా కాస్త చూద్దురూ" అన్నాడు. నాయిన మొహమాటస్తుడు. పక్క గది చూశాడు, ఆ పక్కది చూశాడు, వరండాలో ట్యూబ్‌లైటు స్టార్టర్ మార్చాడు. నడుమ నడుమ టీ పంపించారు. సముద్రానికని వచ్చి ఆయన ఆ రోజంతా డ్యూటీ చేశాడు.

పోయేరోజు బిల్లు వచ్చింది. గది, సీ వ్యూ, వేడి నీళ్లు, ఆఖరున టీలు. నాయిన పని చేస్తూ తాగిన టీలే.

"టీ పైసలు ఏస్తే ఏసినవ్. కండెన్సర్ పైసలన్న తగ్గించు."

"ఫ్యాన్ మాదండీ. అందులో మీ సామాను ఏదన్నా ఉంటే విప్పుకుని తీసుకెళ్లండి, నేనేం కాదంటల్లేదు."

వెటకారంగానే అన్నాడు. నాయిన సంచి కింద పెట్టి, మెట్లెక్కి పైకి పోయాడు. అమ్మ తల పట్టుకుంది, బస్సు టైం అవుతోంది. కాసేపటికి ఆయన కండెన్సర్ జేబులో వేసుకుని దిగి వచ్చాడు. మేనేజర్ మొహంలో నవ్వు పోవడం ఆ ఒక్కసారే చూశాను.

తర్వాతి ఏడు కార్తీకంలో మళ్లీ పోయాం. అదే గది, అదే మూలుగు. నాయిన సంచిలోంచి అదే కండెన్సర్ తీశాడు. అట్లా అది నల్లగొండకూ వాడరేవుకూ తిరుగుతూనే ఉండింది. ఇంట్లో బీరువా పై అరలో దానికో అగ్గిపెట్టె కూడా ఉండేది.

కార్తీకం అన్నాను కదా, పున్నమి చుట్టూ ఆ ఒడ్డున జనం ఇంతా అంతా కాదు. సముద్ర స్నానాలు, ఇసుకలో దీపాలు, తోపుల్లో వనభోజనాలు. ఆ నాలుగు రోజులు హోటల్ రేటు రెండింతలు. గదిలో మార్పేం ఉండదు, మగ్గు కూడా అదే. క్యాంటీన్‌లో చేపల కూర అని బోర్డు ఉండేది. గోడ అవతల పడవల్లోంచి వంజరం, చందువ తాజాగా దిగుతుంటే వీళ్లు ఐసులో ఎప్పటిదో తీసి వండేవాళ్లు. కొర్రమీను, బొచ్చె తినే ఇల్లు మాది. సముద్రపు చేప ఇంతే వాసనేమో అని చాలా ఏళ్లు అనుకున్నాం. ఆ మామ వాళ్లింట్లో ఒక మధ్యాహ్నం చందువ పులుసు తిన్నాకే ఆ భ్రమ పోయింది.

నీళ్ల దగ్గర మాత్రం అమ్మను మోసం చేయడం ఎవరివల్లా కాదు. ఫ్లోరైడ్ జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లూ ఎముకలూ ఏమవుతాయో మునుగోడు, మర్రిగూడ వైపు చుట్టాలను చూసి తెలిసిన మనిషి. నాలుక మీద చుక్క వేసుకుని ఈ నీళ్లకు పప్పు ఉడుకుతుందో లేదో చెప్పేది. హోటల్ కుళాయి నీళ్లు నోట్లో పోసుకుని వెంటనే ఉమ్మేసింది. సబ్బు నురగ రాదు, తల అంటుకుంటే జుట్టు పీచు. దీనికి మేనేజర్ జవాబు ఊహించవచ్చు.

ప్రహరీ అవతల ఇసుక నేలలో ఒక తోట ఉండేది. కనకాంబరాలు, వేరుశనగ. ముసలాయన ఒకడు రెండు కుండలు పట్టుకుని ఇసుకలో తవ్విన గుంటలోకి దిగి, ముంచుకొచ్చి మొక్కలకు పోసేవాడు. దాన్ని అక్కడ దొరువు అంటారు. అమ్మ ఒకరోజు గోడ పక్కన నిలబడి ఆయన్ని అడిగి దోసిట్లో పట్టుకుని తాగింది. తియ్యటి నీళ్లు. సముద్రం నాలుగు అంగల్లో ఉంది, నీళ్లు తియ్యగా ఉన్నాయి.

"ఆళ్ల బోరు ఎంత లోతో అడిగావా అమ్మా?" అన్నాడు ఆయన. "వందడుగులంట. పైన పదడుగుల్లో మంచినీళ్లుంటే అంత కిందకి పోవడం ఎందుకు? అడుగున ఉప్పే."

వాన నీళ్లు ఇసుకలో ఇంకి, తేలిక కాబట్టి కిందున్న ఉప్పునీళ్ల మీద తేలుతూ నిలబడతాయట. పైపైన నెమ్మదిగా తోడుకుంటే మంచినీళ్లు, లోతుకు పోయి మోటరు పెట్టి లాగితే ఉప్పు పైకి వస్తుంది. మా వైపు బోరు అంటే ఎంత లోతు వేస్తే అంత గొప్ప. ఇక్కడ లెక్క తిరగబడింది. ఆ రోజు నుంచి అమ్మ ఆ గోడ మీదుగా రోజూ రెండు బిందెలు తెప్పించుకుంది, ఆ ముసలాయనకు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. మా దగ్గర రోజుకు 500 తీసుకున్న వాడు ఇవ్వలేని నీళ్లు అవి.

ఇంత జరిగినా ఎందుకు పోయేవాళ్లమంటే, గేటు వల్ల.

హోటల్ వెనక సముద్రం వైపు ఒక చిన్న గేటు ఉండేది. దానికి కాపలా ఒక పెద్దాయన. పల్లెకారు మనిషి, వయసులో వేటకు పోయి, తర్వాత పడవ ఎక్కలేక ఇక్కడ వాచ్‌మన్‌గా చేరాడు. తెల్లారుజామున నాలుగున్నరకు అమ్మ వస్తుందని గేటు తీసి ఉంచేవాడు. చెవులకు మఫ్లర్, చేతిలో టార్చి, నోట్లో చుట్ట. అమ్మకంటే ముందు తను నీళ్ల దాకా పోయి, కాసేపు నిలబడి చూసేవాడు. "ఈ పక్కకి రా అమ్మా, అక్కడ గుంట పడింది" అనేవాడు. కొన్ని రోజులు, "ఇయ్యాల వద్దు, నీళ్లు లోపలికి లాగుతున్నాయి, మోకాళ్ల దాకా చాలు" అనేవాడు. ఆ తీరంలో ఏటా ఎంతమంది కుర్రవాళ్లు మునిగిపోతారో పేపర్లలో చూస్తూనే ఉంటాం. పైకి అంతా ఒకేలా కనిపించే నీళ్లలో ఆయనకు ఏదో తేడా తెలిసేది.

అమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని, ఒడ్డుకు అడ్డంగా కూర్చునేది. అల వచ్చి కుడి భుజం మీదుగా దాటేది. కళ్లు మూసుకునేది. ఆయన మోకాళ్ల లోతులో, ఆమెకు సముద్రానికి నడుమ నిలబడేవాడు, అటు తిరిగి. తెల్లారి వెలుతురు వచ్చేదాకా అట్లా. ఒడ్డున మేం చలికి వణుకుతూ అన్న లుంగీ కప్పుకుని కూర్చునేవాళ్లం. అమ్మ ఏటా ఆయనకు పుట్టపాక నుంచి తెప్పించిన తువ్వాల ఒకటి తెచ్చేది. నాయిన చుట్టల కట్ట ఇచ్చేవాడు. హోటల్ వాళ్లు ఆయనకిచ్చే జీతం మా సీ వ్యూ నాలుగైదు రోజుల డబ్బంత కూడా ఉండదని తర్వాత తెలిసింది.

2004 డిసెంబర్ 26, ఆదివారం. టీవీలో సునామీ. మన తీరంలోనే వందమందికి పైగా చనిపోయారు. అమ్మ రెండు రోజులు చీరాలకు ఫోన్ చేయిస్తూనే ఉంది. మూడో రోజు మామ దొరికాడు. పెద్దాయన క్షేమం, ఆయన కొడుకు వల, పడవ పోయాయి. నాయిన మామ ద్వారా కొంత డబ్బు పంపాడు. ఎంతో ఇప్పటికీ చెప్పడు.

ఆ తర్వాత అమ్మకు ధైర్యం రాలేదు, కొన్నేళ్లు పోలేదు. నా పెళ్లయ్యాక మళ్లీ పోయాం. మా ఆయన పాలమూరు మనిషి, సివిల్ ఇంజనీరు, సముద్రం అదే మొదటిసారి చూడటం. కొత్త అల్లుడని నాయిన ఏసీ గది తీసుకున్నాడు. 2 వేలు. ఏసీ పెట్టె లోపలి నుంచి గోడ మీదికి నీళ్లు కారుతున్నాయి. మేనేజర్ మారలేదు, జుట్టు తెల్లబడింది. జవాబు మాత్రం మారింది.

"సునామీ అండీ."

ఏసీకి సునామీ, తలుపుకు సునామీ, రిమోట్‌లో బ్యాటరీ లేకపోయినా సునామీ. ఇసుక దిబ్బ వెనక ఎత్తులో ఉన్న ఆ హోటల్ గేటు దాకా కూడా నీళ్లు రాలేదని పెద్దాయన చెప్పాడు. వలలు పోయినవాళ్లు ఎవరో, సునామీ పేరు చెప్పుకుని బిల్లు వేసేది ఎవరో. అప్పటిదాకా ఆ మేనేజర్ అంటే నాకు కొంచెం నవ్వులాటగానే ఉండేది. ఆ రోజుతో అది పోయింది.

మా ఆయన సముద్రం చూసినంతసేపు కప్పు కూడా చూశాడు. పడుకున్నాక కూడా పైకే చూస్తున్నాడు. స్లాబు పెచ్చులూడి, లోపలి కడ్డీలు ఎర్రగా బయటికి కనిపిస్తున్నాయి. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది, పగిలిన సందులోంచి ఇంకా ఉప్పు లోపలికి పోతుంది. తీరప్రాంతంలో కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీటు పొర, కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు ఉండాలని కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 చెబుతుందట. "2000 సంవత్సరం కోడ్ అది, బిల్డింగ్ అంతకంటె పాతది అనుకుందాం. కానీ ఇక్కడ వేలెడు మందం గూడ లేదు. మంచం ఈ మూలకు జరుపుకుందాం" అన్నాడు. జరిపాం. మంచం కింద నుంచి అన్న చిన్నప్పుడు పారేసుకున్న గోలీ దొరికిందంటే ఎవరూ నమ్మరు. అది అన్నదే అని నేనూ ఒట్టేసి చెప్పలేను, గోలీలు అందరి దగ్గరా ఉంటాయి. ఊడ్చి ఎన్నేళ్లయిందో మాత్రం తేలింది.

2014 జూన్‌లో మాకు రాష్ట్రం వచ్చింది. "అన్నీ పంచుకున్నరు, సముద్రం మాత్రం మనకు రాకపాయె" అని నాయిన ఆ ఏడంతా అందరితో అనేవాడు. 2016 కార్తీక పున్నమి సరిగ్గా పెద్ద నోట్లు రద్దయిన వారంలోనే పడింది. పాత 500 నోట్లు తీసుకుంటాను గానీ 400 లెక్కన తీసుకుంటానన్నాడు కౌంటర్లో కూర్చున్న కొత్త కుర్రవాడు. పాత మేనేజర్ మానేసి పోయాడట. నాయిన ఆ కుర్రవాడితో పోట్లాడుతూ, "ఆయనుంటె ఇట్ల జరగకపోవు" అన్నాడు. నేను నాయిన మొహంలోకి చూశాను. నిజంగానే అంటున్నాడు.

పెద్దాయన కరోనాకు ముందు ఏడు పోయాడు. మామ ఫోన్ చేసి చెప్పాడు. అమ్మ ఆ ఏడు చీరాల పేరు ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. బీరువాలో తువ్వాల ఒకటి అట్లాగే ఉండిపోయింది.

మొన్న అన్న కొడుకు ఫోన్‌లో ఒక హోటల్ చూపించాడు. డ్రోన్‌తో తీసిన ఫోటో, నీలం సముద్రం, తెల్ల బిల్డింగ్, ఈత కొలను. సరుగుడు తోపు కొట్టేశారు. పేరు కొత్తది. నాయిన ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, మెట్ల మలుపు చూసి, "అదేరా" అన్నాడు. రాత్రికి 5 వేలు, పన్ను వేరు. ఆ పన్ను కూడా 2025 సెప్టెంబర్‌లో 12 నుంచి 5 శాతానికి తగ్గిందని మనవడు చెబితే, "గదంత మల్ల రేటుల కలిపి ఉంటరు" అన్నాడు. బాల్కనీకి స్టీలు రెయిలింగ్ పెట్టారు. అది 304 గ్రేడో 316 గ్రేడో అడగమన్నాడు. సముద్రం దగ్గర 316 అయితేనే నిలబడుతుంది, 304 అయితే రెండేళ్లలో గోధుమ రంగు మచ్చలు. ఎనభైకి దగ్గర పడ్డా ఆయన లెక్క ఆయనదే. హోటల్ వాళ్లకు ఆ ప్రశ్న అర్థమైనట్టు లేదు, వెల్‌కమ్ డ్రింక్ ఉచితం అని జవాబు వచ్చింది.

అమ్మ ఇదంతా వింటూ పక్కన కూర్చుని ఉంది. భుజం ఇప్పుడు మరీ అధ్వాన్నం, అన్నం ఎడమ చేత్తో కలుపుకుంటుంది. ఏసీ ఉందా అని అడగలేదు, నీళ్ల సంగతి కూడా అడగలేదు.

"ఎనక గేటు ఎన్నింటికి తీస్తరో అడుగు బిడ్డా."

వాడు టైప్ చేశాడు. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. భద్రతా కారణాల వల్ల బీచ్ గేటు ఉదయం 7 గంటలకు తెరుస్తాం.

"అయితే వద్దు" అంది అమ్మ.

వాడు ఇప్పుడు బాపట్ల వైపు వెతుకుతున్నాడు.